ఇరుక్కున్న చోటు

నాలుగు వేల పాటలా? ఆ ఫోన్లోనా? వాటిలో ఏ పది లేకపోతే బతకలేవో రాయమన్నారని పొద్దుట్నించీ తల పట్టుక్కూర్చున్నావా. మా బావకైతే ఒక్కటేనమ్మా. మా అక్క మొగుడు, టైలరు. నువ్వు చూళ్లేదులే, నువ్వు పుట్టడానికి చాలా ముందే పోయాడు. ముందు గదిలో మిషను, వెనక వంటిల్లు, మధ్యలో కర్టెను. ఆ కర్టెను కూడా ఎవరో కోటు కుట్టమనిచ్చి మళ్లీ ఇటు మొహం చూపించని గుడ్డే. మిషను పక్కన స్టూలు మీద కీ ఇచ్చే గ్రామఫోను, దానికి ఇటు పక్క నేను, కాజాలు కుట్టుకుంటూ. ఏం చెప్తున్నా... ఆ, పాట. ఎవరో ఆవిడ పాడుతుంది, మధ్యలో వేణువు మెట్లెక్కినట్టు పైకి పైకి పోతుంది. సరిగ్గా అక్కడ రికార్డు మీద గీత పడింది. ముల్లు ఇరుక్కుపోయి లుల్లీ, లుల్లీ, లుల్లీ అని అక్కడే తిరిగేది. ఇక మా బావ సంగతంటావా, నోట్లో ఎప్పుడూ గుండుసూదులే, పెదాల మధ్య ఆరో ఏడో. ఎవరేమడిగినా "ఊ", "ఊహూ", అంతే. బిగుతా, వదులా అన్నది కనుబొమ్మలతో అడిగేవాడు. అలాంటి మనిషి, ముల్లు ఇరుక్కోగానే ఆ సూదులన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన గుచ్చి, "ఏమేవ్, ఇరుక్కుందే" అని కేకేసేవాడు. మా అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, చిటికెన వేలితో ముల్లు కాస్త జరిపి, "చేతుల్లేవా మీకు" అనేది. "ఉన్నాయి, కుడుతున్నాయి" అనేవాడు. రోజుకి పదిసార్లు ఇదే. నేను జానెడు దూరంలోనే ఉన్నానమ్మా. ఓసారి పోనీ కదా అని చెయ్యి చాపితే, "ఒరేయ్, నీది మొద్దు చెయ్యి, ముట్టుకోకు" అని కసిరాడు. కాజాలు కుట్టే చెయ్యి మొద్దుదా? ఒళ్లు మండిపోయింది.

పైగా అక్క మీద జాలి. వంటా వార్పూ చూసుకుంటూ మధ్యలో ఈ ముల్లు చాకిరీ ఏమిటని. సరే, పట్నం పనిమీద వెళ్లినప్పుడు మూడు దుకాణాలు తిరిగా. పాట పేరు నాకు తెలిస్తేగా, నోటితో వినిపించా. దుకాణంవాడు కాసేపు విని, "నువ్వెక్కడో ఇరుక్కుపోయావు తమ్ముడూ" అన్నాడు. మొత్తానికి కొత్త రికార్డు తెచ్చా. పాతది విరిచి మరీ చెత్తలో పారేశా, నా తెలివి మండ. పెట్టాం. వేణువు ఎక్కింది, దిగింది, పాట హాయిగా అయిపోయింది. బావ సూదులు తియ్యలేదు. కర్టెను దాకా వచ్చిన అక్క చేతులు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, లోపలికెళ్లిపోయింది. "ఎలా ఉంది బావా" అంటే "ఊ" అన్నాడు. ఆ ఊ నాకు నచ్చలేదు. మర్నాడు డాక్టరుగారి కోటుకి రెండూ ఎడమచేతులే కుట్టాడు. ఆయన మర్యాదస్తుడు, అదే తొడుక్కుని "ఎక్కడో కాస్త పట్టేస్తోందయ్యా" అన్నాడు. లోపల చూస్తే పాలు పొంగి పొయ్యారిపోయింది. నాలుగు రోజులు ఇంట్లో ఒకళ్లతో ఒకళ్లకి మాటల్లేవు. ఇద్దరూ నన్ను కన్నం వేసిన దొంగని చూసినట్టు చూడ్డం. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదేనమ్మా.

ఐదోరోజు పాట మధ్యలో లుల్లీ, లుల్లీ, లుల్లీ. కొత్త రికార్డు మరి! బావ మొహం వెలిగిపోయింది. సూదులు తీశాడు, "ఏమేవ్, ఇరుక్కుందే". అక్క పరిగెత్తుకొచ్చి ముల్లు జరిపింది, "చేతుల్లేవా మీకు" అంది, అటు తిరిగిందో లేదో మళ్లీ లుల్లీ, లుల్లీ. బావ ఉలిక్కిపడి, "ఇది నేను గీసింది కాదే" అనేశాడు. అక్క తల వంచుకుని, "ముందుది నేను గీసింది కాదు" అంది. ఆయన గుండుసూదితో ఓ చోట, ఈవిడ తలలో పిన్ను తీసి కాస్త పక్కన, ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు. అప్పుడు వెలిగింది నాకు. చెయ్యి కాదమ్మా మొద్దు, బుర్ర. ఇక ఆ రోజునుంచీ పాటకి రెండు కేకలు.

బావ పోయిన నెలకి వెళ్లా. మిషను మీద గుడ్డ కప్పేసి ఉంది. అక్క ఒక్కతే స్టూలుకి ఆనుకుని కూర్చుంది, పక్కన లుల్లీ, లుల్లీ, లుల్లీ. చెయ్యి చాపితే అందుతుంది. "అక్కా, ఇరుక్కుందే" అన్నా. "ఉండరా, ఆయన ఇంకా పిలవలేదుగా" అంది.

కీ అయిపోయేదాకా అలాగే కూర్చున్నాం.

... ఆ కిటికీ వెయ్యమ్మా, గాలి కొడుతోంది. ఏదీ, పదింటిలో ఎన్నోదానిదాకా వచ్చావు?