బూజుకి మూడు నెలల నోటీసు

హాంబర్గ్‌లో ఘనా వాళ్ళంతా శనివారం చేరేది లార్బీ సెలూన్‌లోనే. ఆ శనివారం నార్టేకి మాత్రం జుట్టు మీద ధ్యాస లేదు. పడకగదిలో మంచం వెనకాల గోడంతా చెమ్మకి నల్లటి బూజు పట్టింది. వచ్చే వారమే భార్య కొర్కోర్ చంటిపిల్లతో అక్రా నుంచి దిగుతోంది. ఆ గోడ పక్కన పసిదాన్ని ఎలా పడుకోబెట్టడం? ఏం చెయ్యాలో తోచక, పోయి పోయి ఒపొకునే అడిగాడు.

ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్న ఒపొకు, కోటు తీసి కొక్కేనికి తగిలించి, కాళ్ళు బార్లా చాపుకున్నాడు.

"బూజు సంగతా? నన్నడుగు. నేనొచ్చిన తొలి చలికాలం, బీరువా వెనకాల చొక్కా గుండీ అంత మచ్చ. వెనిగర్‌తో తుడిచా, పోయింది. తెల్లారేసరికి పళ్ళెమంతయ్యి కూర్చుంది. ఇలా కాదని పండుమిరప నూరి పట్టించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి ఆకలి పుట్టింది. గోడ మీద క్యాలెండర్‌ని మార్చి దాకా తినేసింది."

నార్టే ఫోన్‌లో వెనిగర్ అని రాసుకున్నాడు. మిరప అని రాసి, కొట్టేశాడు.

"మరి కిటికీలు, బాబాయ్? మా ఓనరమ్మ మంచు పడుతున్నా రోజుకి నాలుగుసార్లు బార్లా తెరవమంటోంది."

తెరిచావో, లోపలి వేడంతా వీధిపాలే అన్నాడు ఒపొకు. తనైతే సందుల్లో గుడ్డలు కుక్కేశాడట. తెరిస్తేనే చెమ్మ బయటికి పోతుందని అందరూ చెప్తారే అని లార్బీ గొణిగాడు. నార్టే కూడా తన కిటికీలకి గుడ్డలు కుక్కే ఉంచాడు. మూస్తే మంచిదో, తెరిస్తే మంచిదో, బుర్ర తిరిగిపోయింది.

ఒపొకు ఆగితే కదా. బూజులోంచి గొడుగుల్లాంటి పుట్టగొడుగులు మొలిచాయట, పులుసు పెడితే ఆరంతస్తుల వాళ్ళూ గిన్నెలు పట్టుకుని దిగారట, అయినా తరగలేదట.

"ఇక లాభం లేదని, మూడు నెలల్లో ఖాళీ చెయ్యమని జర్మన్ భాషలో నోటీసు రాసి గోడకి అంటించా. ఈ దేశపు బూజు కదా, రూలంటే రూలే. సరిగ్గా తొంభయ్యో రోజున పోయింది. ఊరికే పోయిందా? ఇక్కడ ఖాళీ చేసేవాళ్ళు రంగులేసి వెళ్ళాలి కదా, గోడలకి తెల్లగా రంగేసి, తాళంచెవి బల్ల మీద పెట్టి మరీ పోయింది."

అందరూ పడీపడీ నవ్వారు. నార్టేకి నవ్వు రాలేదు. ఇందులో ఎక్కడిదాకా నమ్మాలి? కొంపదీసి నోటీసు నిజంగానే రాయాలా?

ఒపొకు లేచి, కోటు తొడుక్కుని, వెంట్రుకలేమైనా పడ్డాయేమో చూడమన్నాడు. లార్బీ బ్రష్‌తో కాలర్ దులిపాడు. పచ్చటి పొడి గుప్పున లేచింది. ముక్కిన వాసన.

నార్టే దగ్గరికొచ్చి చూశాడు. తన మంచం వెనకాల వచ్చే వాసనే.

"బాబాయ్, కోటుకి నోటీసు ఇవ్వలేదా?"

ఈసారి ఒపొకు తప్ప అందరూ నవ్వారు.

నార్టే క్రాపు మాట మర్చిపోయి తలుపు వైపు నడిచాడు. ముందు ఇంటికెళ్ళి ఆ గుడ్డలు పీకెయ్యాలి. మెట్ల దగ్గర ఒపొకు వెనకే వచ్చి, గొంతు తగ్గించాడు.

"అబ్బాయ్, మా ఇల్లు నీ దారిలోనేగా. నా కిటికీ కూడా కాస్త లాగి తెరిచిపెడతావా? ఏళ్ళ తరబడి గుడ్డలు కుక్కి బిగుసుకుపోయింది. నా ఒక్కడి వల్ల కావట్లేదు."