మట్టెవాడ ట్యూషన్ల అతిపరావలయం

"పెద్దమ్మా, ఈ హైపర్‌బోలాల a ఏదో, b ఏదో నాకు సమజైతలేదు."

ఇటియ్యి సింధూ, చూద్దాం. y స్క్వేర్ బై తొమ్మిది మైనస్ x స్క్వేర్ బై పదహారు ఈక్వల్స్ ఒకటి... అయ్యో, అచ్చం ఇసుంటి లెక్కకే నా సదువు బందయ్యేదుండె, ఎరికేనా!

మాది తెలుగు మీడియం. దీన్ని అతిపరావలయం అనేటోళ్లం. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దుగాల పాసింజర్ ఎక్కి మట్టెవాడకు ట్యూషన్‌కొస్తుంటి. బండి పాసు పది రూపాయలో... కాదు, పదిహేనో. గిప్పుడు గా పైసలకు మంచి చాయ్ గూడ రాదు. ఆ సారు దగ్గర ఒక కానూన్: పరీక్షల మార్కులు తగ్గితె సాయంత్రం బ్యాచ్. సాయంత్రమైతే నాకు వాపసు బండి లేదు. మా నాయిన ఖరాఖండిగ చెప్పిండు, "బ్యాచ్ మారితే ఇంట్ల కూసో" అని.

సారు దీర్ఘవృత్తం, అదే మీ ఎలిప్స్, చెప్పినప్పుడు "పెద్ద సంఖ్యనే a స్క్వేర్" అన్నడు. అతిపరావలయానికీ అదే మంత్రం. పరీక్షల గిదే లెక్కకు అందరు పదహారు పట్టుకొని, శీర్షాలు, అదే మీ వర్టెక్స్‌లు, x అక్షం మీద ప్లస్ ఆర్ మైనస్ నాలుగు కాడ పెట్టిండ్రు. నేను ప్లస్ కింద ఉన్న తొమ్మిదిని పట్టిన. శీర్షాలు y అక్షం మీద మూడు కాడ. తొమ్మిది, పదహారు కూడితె ఇరవై ఐదు, గందుకే నాభులు ఐదు కాడ. సున్నా ఏసిండు! సాయంత్రం బ్యాచ్‌కు పొమ్మన్నడు.

పోతనా? బోర్డు కాడికి పోయి ఆయన చెప్పిన శీర్షాన్ని, x నాలుగు, y సున్నా అని సమీకరణంల పెట్టిన. మైనస్ ఒకటి ఈక్వల్స్ ఒకటి అని తేలింది. "సార్, వక్రం మీదనే లేనిది శీర్షమెట్లైతది?" అన్న. ప్రశ్నపత్రం చేతిలకు తీసుకున్నడు. తప్పొప్పుకుంటె ట్యూషన్ మూతవడదా మరి! "పేపర్ల మైనస్ తప్పు జాగల పడ్డది" అన్నడు. చూడు, జవాబు దిద్దలే, ప్రశ్నను దిద్దిండు మహానుభావుడు!

"పేపరే తప్పైతే అందరికీ ఆ లెక్క కొట్టేయుండ్రి సార్" అన్న. ఏం జేస్తడు, కొట్టేసిండు. నా పొద్దుగాల బ్యాచ్ నాకు దక్కింది.

తెల్లారి వచ్చి బోర్డు మీద పెద్దగ రాసిండు, "ప్లస్ కింద ఉన్నదే a స్క్వేర్." రాసి, "ఇది నా సొంత టెక్నిక్, బయట చెప్పొద్దు" అన్నడు. అందరితోటి నేను గూడ రాసుకున్న, ఏం జేద్దు మరి!

సల్లగుండు బిడ్డా, మంచిగ సదువుకో. సార్లకు దండం పెట్టు. కాకుంటే, వాళ్లు చెప్పిన శీర్షాన్ని సమీకరణంల పెట్టి చూసినంకనే పెట్టు...