మాణిక్యం ఎక్కుతానన్న ఇమానం

శేషాచారి అని ఒకడు, వెల్డింగు చేసుకుని బతికేవాడు, ఉన్నట్టుండి ఇమానం చేస్తానన్నాడంట. చేతులు ఆపమాకండే, మిరపకాయల తొడిమలు తీస్తానే ఇనండి, చెవులతో ఇనేదానికి చేతులెందుకు ఆగాల. చవిటిపాలెంలో ఉండేవాడంట ఈ శేషాచారి. ట్రాక్టరు ఎనక తగిలించే ట్రక్కులు చేసేవాడు. వాడు చేసిన ట్రక్కు ఎంత బరువేసినా వంగదని చుట్టుపక్కలంతా పేరు. అట్టాంటోడు ఒకరోజు ఫోనులో ఏం చూశాడంటే, యాడో దేశంగాని దేశంలో ఒకాయన ఇంటికాడ సొంతంగా చేసుకున్న ఇమానమంట. నాలుగు గొట్టాలు, ఇంత గుడ్డ, ఎనకాల ఒక ఫ్యాను, అంతే. దాంట్లో కూచుని పొలాల మీద పోతన్నాడు. చూశాడు, మళ్ళీ చూశాడు, అన్నం కాడ కూచుని కూడా అదే చూస్తన్నాడు. పెళ్ళాం మాణిక్యం పప్పు బదులు మజ్జిగ పోసినా తెలవలేదంట. "ఇది ట్రక్కుకన్నా తేలికే, నేను చెయ్యలేనా" అన్నాడు. "చేసేది చేస్తావులే, ఎక్కేదెవరు" అందంట ఆమె. "నేనే" అన్నాడు. ఆమె కంచం తీసుకుని లోపలికి పోయింది.

ఇంక మొదలుపెట్టాడు చూడండి. అల్యూమినియం గొట్టాలు తెచ్చాడు, కోశాడు, అతికాడు. గుంటూరు పోయి గట్టి గుడ్డ తెచ్చి రెక్కలకి కుట్టించాడు. ఇంజను ఏదో తెప్పించాడు, దాని కాగితాలు, గవర్నమెంటోళ్ళ పర్మిషను, ఆ గోల నన్నడగమాకండి, దానికి తిరిగిన తిరుగుడు చెబితే ఇంకో కథవుద్ది. ఊళ్ళో వాళ్ళకి పనులు సాగట్లా అనుకో. పొద్దున పాలకెళ్ళినోడు షెడ్డు కాడే నిలబడతన్నాడు. "ఇంత బరువు గాల్లో ఎట్టా నిలబడిద్దిరా" అని అడిగితే శేషాచారి ఏం చేశాడంటే, ఇంట్లోంచి చేట తెప్పించాడంట. అడిగినోడి చేతికి చేటిచ్చి ట్రాక్టరు ఎక్కించాడు, జోరుగా తోలమన్నాడు. "ఇప్పుడు చేట అడ్డంగా పట్టుకుని ముందు అంచు కాస్త పైకెత్తు" అన్నాడు. ఎత్తేసరికి చేట చేతిలో ఉంటేనా, పైకి లాగేస్తంది. నేనూ చేసి చూశాలే తర్వాత, నిజమే. మీరూ చూడండి, మీ అత్తల చేటలతో చూడండి, పోతే వాళ్ళవే పోతయ్. అట్టా గాలే ఎత్తుద్ది, ఇంజను చేసేది ముందుకి తొయ్యటమే అన్నాడంట. వాళ్ళమ్మ కామాక్షమ్మ ఉంది, ఆమె అంతా ఇని, "సరేగానీ నాయనా, పైకెళ్ళాక నెమ్మదిగా పో" అందంట, కొడుకు బండి తీసిన ప్రతిసారీ అన్నట్టే. శేషాచారి నవ్వి, "దీంట్లో నెమ్మదిగా పోతేనే పడేదమ్మా" అన్నాడంట. ఇంతేసి కళ్ళు చేసుకుని చూసిందంట ఆ ముసలామె. నెమ్మదిగా పోతే పడే బండి ఏం బండి అసలు, చెప్పండి. కానీ అంతేనంట, జోరు తగ్గితే రెక్క కింద గాలి చాలదంట. "మరి ఇంజను ఆగితే" అని అడిగారు. "ఎత్తులో ఆగితే జారుకుంటా దిగొచ్చు. లేచీ లేవగానే ఆగితేనే కష్టం. అదిగో, ఆ తాడిచెట్ల మీద ఆగిందనుకోండి, ముందుకి దిగేదానికి చోటు లేదు, ఎనక్కి తిరిగేదానికి ఎత్తు లేదు" అన్నాడంట. చవిటిపాలెం బయట చవిటినేల ఉంది, బల్లపరుపుగా. దాని చివర ఎత్తుగా పెరిగిన తాళ్ళు, అయ్యే ఆ తాడిచెట్లు. లేస్తే వాటిమీదగానే పోవాల.

అంతా అయ్యింది. రంగు కూడా ఏశాడు. చవిటినేల మీద అటూ ఇటూ ఉరికించి, ఇంతెత్తు లేపి దించి, చెయ్యి కుదుర్చుకున్నాడు. రేపో మాపో తాళ్ళు దాటాల. అప్పుడొచ్చిందంట మాణిక్యం షెడ్డులోకి, చేతులు తుడుచుకుంటా. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "సీట్లు రెండున్నయ్యేంది" అందంట. "ఒకటి నీకే మరి" అన్నాడు వీడు, మురిపెంగా. "అయితే మొదటిసారి నేనూ ఎక్కుతా" అందంట. శేషాచారి మొహంలో నవ్వు పోయింది. "మొదటిసారొద్దులే, ముందు నేనొక్కణ్ణే పోయొస్తా, బాగుంటే తర్వాత నిన్ను" అని నసిగాడు. ఆమె ఏమందంటే, ఇదినండి, "నీకు సరిపోయిన బండి నాకెందుకు సరిపోదయ్యా" అందంట. "నువ్వు పడితే మిగిలేది నేనేగా. ఆ మిగిలే పని నాకొద్దు. ఎక్కితే ఇద్దరం, లేకపోతే ఎవరం వద్దు" అని చెప్పి, పొయ్యి మీద ఏదో ఉందని పోయింది. అరవలేదు, ఏడవలేదు, దాని మానాన అది పోయింది.

ఏమైందంటే, ఆ పూట నించీ శేషాచారికి ఇమానం వేరేగా కనపడతా ఉందంట. అంతకుముందు రెక్క చూస్తే రెక్కే. ఇప్పుడు రెక్క చూస్తే దానికింద కూచున్న మాణిక్యం. రెక్క మొదట్లో ఒక బోల్టుంది. పాత ట్రక్కుకి ఊడదీసింది, గట్టిదేలే అని బిగించి పైన రంగేశాడు. తనొక్కడే ఎక్కేటప్పుడు అది గట్టిదే. మాణిక్యం ఎక్కుతానన్నాక దాన్ని ఇప్పాడు. ఇప్పి చూస్తే మరలు అరిగున్నయ్. ఒక్కటి ఇప్పినోడు ఊరుకుంటాడా, రెండోది ఇప్పాడు. తోక లాగే తీగ ఒకచోట ఒక పోగు లేచుంది, మొన్న చూసి పర్లేదులే అనుకుందే అది. కొత్త తీగ తెచ్చాడు. గుడ్డ కుట్టు పట్టుకు లాగితే దారం పిగిలింది, కుట్టంతా ఊడదీసి మళ్ళీ కుట్టించాడు. అట్టా పోను పోను రంగేసిన ఇమానం కాస్తా మళ్ళీ గొట్టాల కుప్పయిపోయింది. ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా. "ఏం ఆచారీ, గుడ్లు పెట్టిద్దా ఎగిరిద్దా" అని ఎకసెక్కాలు. వాడు తల ఎత్తడు. బిగిస్తాడు, ఊపి చూస్తాడు, మళ్ళీ ఇప్పుతాడు. మాణిక్యం టీ తెచ్చి పక్కన పెట్టి, "ఇంకా ఎక్కొచ్చా" అంటది. "ఇంకా లేదు" అంటాడు. ఆమె గళాసు తీసుకుని పోద్ది. ఒకరోజు అట్టాగే అడిగింది. వాడు పానా కింద పెట్టి, "ఇప్పుడు ఎక్కు" అన్నాడంట.

మంచిరోజు చూశారు. కొత్త బండికి పూజ చెయ్యకుండా ఎవరన్నా కదిలిస్తారా, ట్రాక్టరుకే చేస్తాం గదా, గాల్లోకి పోయేదానికి చెయ్యమా. తెల్లారే శేషాచారి ఒక్కొక్క నట్టూ చేత్తో తడిమి చూసుకుని, పానాలు తుడిచి పెట్టెలో పెట్టేశాడు. పూజయ్యాక బండికి పానా తగిలించగూడదు గదా మనకి. తర్వాత ఆడోళ్ళ వంతు. మాణిక్యం కొత్త కోక కట్టుకుని పసుపు కలుపుకొచ్చింది. కలుపుతా కలుపుతా దానికి ఏం తోచిందంటే, ఇది గాల్లో పోయేది గదా, ఉత్త పసుపైతే ఎగిరిపోద్ది, బొట్టు రాలితే మంచిది కాదు అని, దాంట్లో చిక్కటి గంజి కలిపిందంట. చూడండి దాని తెలివి. ప్రేమతోటే కలిపింది పాపం. కామాక్షమ్మ ఎనకాల నిలబడి, "ఒక్క భాగం కూడా వదలమాకే" అంటంది. రెక్కలకి పెట్టింది, చక్రాలకి పెట్టింది, ఇంజనుకి పెట్టింది, పైన పెట్రోలు ట్యాంకు మూత గుండ్రంగా నుదురులాగా కనపడితే దానికి ఇంత మందాన పసుపు అద్ది, మధ్యలో కుంకం బొట్టు పెట్టింది. ఎండకి గంజి పట్టేసింది. గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మాణిక్యం చెంగు నడుముకి బిగించి, తలకి హెల్మెట్ పెట్టుకుని ఎక్కి కూచుంది. పూలు నలుగుతయ్యని హెల్మెట్ పెట్టే ముందు జళ్ళో పూలు తీసి అత్త చేతికిచ్చిందంట.

ఇంజను తిప్పాడు. డబడబా అందుకుంది. ఇంక కదలటమే అనుకునేసరికి ప్రెసిడెంటుగారు వచ్చాడు, ముందర నిలబడ్డాడు, మైకు పట్టుకున్నాడు. ఆయన్ని పక్కకి జరగమనేదెవరు. మన ఊరి పేరు, మన ఊరి రోడ్డు, మా నాన్నగారు ఏయించిన బోరు, అని మొదలుపెట్టాడంట. ఇంజను మోతలో ఒక్క ముక్క ఇనపడితే ఒట్టు. అయినా ఆపడే. జనం ఎండలో మాడతన్నారు, శేషాచారి పళ్ళు నూరుకుంటన్నాడు, ఆయన కాలవల పూడికతీత కాడికొచ్చాడు. అప్పుడు ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం, ప్రెసిడెంటుగారి గొంతు మాత్రం "పూడికతీత" అని ఊరంతా మోగిందంట.

జనం గుసగుసలు, అపశకునం అని. శేషాచారి దిగాడు. పెట్రోలుందా లేదా అని ట్యాంకు మూత తిప్పాడు. తిప్పేసరికి ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. ఇదేందబ్బా అనుకుని, మూత చేతిలో పట్టుకునే ఇంజను తిప్పమన్నాడు, ఆడింది. మూత బిగించి నిలబడ్డాడు. ప్రెసిడెంటుగారు సందు దొరికింది గదా అని మళ్ళీ అందుకున్నాడు. కాసేపు ఆడి, మళ్ళీ దగ్గి, మళ్ళీ ఆగింది. మూత తీస్తే ఆడతంది, మూస్తే ఆగతంది. వాడు మూత పైకెత్తి ఆకాశానికి అడ్డంపెట్టి చూశాడంట. దానికి సూదిమొనంత బెజ్జం ఉండాల. నూనె డబ్బాకి ఒక్క బెజ్జం పొడిస్తే నూనె దిగదు, గాలికి ఇంకోటి పొడుస్తాం గదా మనం. ఇదీ అంతే. ఆ గాలి బెజ్జం మీద పసుపు, గంజి, కుంకం, రాయల్లే పట్టుకునుంది. శేషాచారి మూత చూశాడు, తాళ్ళు చూశాడు, సీట్లో కూచున్న మాణిక్యాన్ని చూశాడు. చక్రం పక్కన కూలబడ్డాడు. ఏడ్చాడంట, అంతమంది ముందర, మగోడు. ఆ ప్రెసిడెంటుగారి ఉపన్యాసమే లేకపోతే, ఇంజను ఆగేటప్పటికి ఇద్దరూ తాళ్ళ మీద ఉండేవాళ్ళు.

ఏందో కనుక్కుని అందరూ, "ఓస్ ఇంతేనా, తుడిచెయ్" అంటారనుకున్నారా. ఒక్కరూ అనలా. పెళ్ళాం ముత్తైదువ చేత్తో పూజలో పెట్టిన బొట్టు, మొగుడెక్కే బండికి పెట్టిన బొట్టు, దాన్ని తుడవమని నోరెట్టా వచ్చిద్ది. "మూత లేకుండా పోరాదా" అన్నాడొకడు. "పెట్రోలు ఒలికి ఇంజను మీద పడితే కాలిపోతాం" అన్నాడు శేషాచారి. కామాక్షమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "తుడవమాక నాయనా, మంచిది కాదు. ఇయ్యాల్టికి ఆపెయ్" అని బతిమాలింది. వాడు అటూ చెప్పలేడు ఇటూ చెప్పలేడు. అరిగిన బోల్టు ఇప్పినోడు, మంచి బోల్టు కూడా ఇప్పి చూసినోడు, ఆ కాస్త బొట్టు మీదకి వాడి వేలు పోవట్లా. మూత అరచేతిలో పెట్టుకుని అట్టానే కూచున్నాడంట.

మాణిక్యం దిగింది. మొగుడి చేతిలో మూత తీసుకుంది. సీసాలో నీళ్ళతో చెంగు తడిపింది. కామాక్షమ్మ, "ఒసే, నీ చేత్తోనా" అని గుండెలు పట్టుకుంది. మాణిక్యం తుడిచింది. గంజి రాలా. గోటితో గీకింది. భుజాన పిన్నీసు తీసి బెజ్జంలో పొడిచింది. ఆకాశానికి పెట్టి, వెలుగు కనపడిందాకా పొడిచి, అప్పుడు అత్త దిక్కు తిరిగిందంట. "అత్తా, బొట్టు నా మొహాన ఉండాలా, దీని మొహాన ఉండాలా, నువ్వే చెప్పు" అంది. ఆ ముసలామె కోడల్ని దగ్గరికి తీసుకుని, చెమటకి చెదిరిన దాని నుదుటి బొట్టు బొటనవేలుతో గుండ్రంగా దిద్దిందంట.

మూత బిగించారు. ఇంజను తిప్పారు. శేషాచారి ఎక్కబోతంటే మాణిక్యం ఆపి, "ప్రెసిడెంటుగారూ, ఇందాక చెప్పింది మళ్ళీ మొదటినించీ చెప్పండి" అందంట. ఆయన జన్మలో ఎవరూ ఆ మాట అడగలా. పొంగిపోయి రోడ్డు, బోరు, పూడికతీత, అంతా మళ్ళీ చెప్పాడు, ఇంకొంచెం కలిపి చెప్పాడు. ఇంజను దగ్గలా. ఆయనే ఆపి మంచినీళ్ళు అడిగాడు. అప్పుడు ఎక్కారు. చవిటినేల మీద ఉరికింది, లేచింది, తాళ్ళ మీదగా పోయింది. కింద ఊరంతా తలలెత్తి నిలబడిందనుకో. మిరపతోటల మీద ఒక చుట్టు చుట్టి వచ్చి, రెండుసార్లు ఎగిరెగిరి పడి, ఆగింది. ఆడోళ్ళు ఉరికారు, పైనించి ఎట్టా ఉంది, మన ఇళ్ళు కనపడినయ్యా అని. మాణిక్యం హెల్మెట్ తీసి, "ఏం చూశాను నా మొహం, పోయిందాకా ఆయన చేతులే చూస్తా కూచున్నా. ఊరు చూద్దామని తల తిప్పేసరికి దించేశాడు. మళ్ళీ ఎక్కాల" అందంట. మళ్ళీ ఎక్కాల అన్న మాట చెవిన పడ్డమే ఆలస్యం, శేషాచారి పానాల పెట్టె తెమ్మన్నాడంట.

అదీ సంగతి. కథయిపోయింది, చేతులు కూడా ఆగినయ్ మీయి, చూస్తానే ఉన్నా. ఏమే అంకమ్మా, నీ మొగుడి బండికి ఎనక బ్రేకు పడట్లేదు, ఎంత తిట్టినా బాగుచేయించట్లేదని పొద్దున్నించీ ఒకటే ఏడుస్తన్నావు గదా. తిడితే ఎవడు చేయిస్తాడు. సాయంత్రం పిల్లదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ బండెనక ఎక్కి కూచో, తీసుకుపో అను. మెకానిక్కు కాడికి వాడే పోతాడు.