ఖాళీ చేతులు చూపించి

హలో… ఆ, నేనే. అక్కనేరా. … ఆసుపత్రిలో ఉన్నా. ఆపరేషన్ గది బయట, బెంచీ మీద.

… నాకేం కాలేదు. మా పొడుగోడికి. … ఆ, ఫైర్ స్టేషన్లో నాతో చేసేవాడే. మనింటికొస్తే గుమ్మం తగులుతుందని తల వంచుకుని వచ్చేవాడు చూడు… వాడే. భుజంలో తూటా దిగింది.

… సరిహద్దు అవతల. భూకంపం వచ్చిందని వాళ్లే పిలిస్తే వెళ్లాం. యుద్ధం ఆగింది కదా, భయమేముందిలే అనుకున్నాం. … కూలిన మేడ కింద ఎవరో మూలుగుతున్నారు. వీడు సందులోంచి పాకాడు. నేను నేర్పినట్టే మోకాళ్ల మీద కూర్చుని, ముందు ఖాళీ చేతులు చూపించి, 'భయపడకండి, తీసుకెళ్లడానికొచ్చాం' అన్నాడు.

… అంతే, లోపలున్నాయన కాల్చేశాడు.

… ఎందుకేమిటి? హెల్మెట్టు, మాస్కు, అదే కూర్చోవడం, అదే మాట. యంత్రమనుకున్నాడు! … తుపాకీ ఎత్తగానే 'మనిషినయ్యా, కాల్చకు' అని అరిచాడురా మావాడు. అరిస్తే? మీరు తయారుచేసిన యంత్రాలూ అదే అరుస్తాయటగా!

… ఆగు, నన్ను చెప్పనీ. కాల్చినాయనే చెప్పాడు, ఏడుస్తూ. పోయిన చలికాలం వాళ్ల వీధిలో నేలమాళిగల్లోకి మీ మరమనుషులు దిగాయట. మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచాయట. దాక్కున్న జనం నమ్మి వచ్చారు. వచ్చినవాళ్లని వచ్చినట్టే—

… తెలీదనకు. నాతో అనకు.

… ఒప్పందమా? ఆయుధం పట్టిన యంత్రాన్ని సరిహద్దు దాటించకూడదని రాసుకున్నారు, అందుకని వీటికి సహాయ యంత్రాలని పేరు పెట్టారు. ఆవుతోలు కప్పుకున్న పులి! … ఆ, అవతలివాళ్లూ ఇప్పుడు అలాంటివే చేస్తున్నారట. చెయ్యరా మరి? రేపు ఎవడు శిథిలాల కింద పడ్డా, చెయ్యందిస్తే పట్టుకోడు. కాలుస్తాడు.

… నాన్న పోయాక నిన్ను చంకనేసుకు తిరిగినదాన్నిరా. 'అక్కా, నీ పనితనం యంత్రానికి నేర్పితే నువ్వు దూరలేని చోట కూడా ప్రాణాలు నిలబెడుతుంది' అన్నావు. ఒళ్లంతా తీగలు కట్టించుకుని, ఆ కెమెరాల ముందు కూర్చునీ లేచీ మోకాళ్లు వాచిపోయాయి. నువ్వే కాపడం పెట్టావు.

ఒక్కటి చెప్పు. ఇవి చంపడానికేనని అప్పటికే తెలుసా నీకు?

… పైవాళ్లు తర్వాత మార్చారా లేదా అని కాదు. నా మోకాళ్లకి కాపడం పెట్టేటప్పుడు… తెలుసా, తెలీదా?

… తెలుసన్నమాట.

… ఓహో.

… నేను కాకపోతే ఇంకొకరు నేర్పేవాళ్లా? అయితే ఆ ఇంకొకర్నే మోసం చెయ్యాల్సింది. నేనే దొరికానా నీకు?

… ఒప్పందం తనిఖీ వాళ్లా? ఆ, రేపు రమ్మన్నారు నన్ను. … అదా సంగతి! దానికా ఫోను? … నేనింకా, నాకేమైనా అయిందేమోనని చేశావనుకున్నాను.

… చెప్తాను. వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని మరీ చూపిస్తాను. … నిన్ను పట్టుకెళ్తారని తెలుసు. … నేర్పింది నేనేగా, నన్నూ అడుగుతారు. అడగనీ.

… ఏడవకు.

… ఏడవకురా. నువ్వేడిస్తే కరిగిపోతానని నీకు తెలుసు. అందుకే ఏడుస్తున్నావో, నిజంగానే ఏడుస్తున్నావో… నాకు తెలీట్లేదు.

… డాక్టరు బయటికొస్తోంది. పెట్టేస్తున్నా.