ఏదో అడిగితే అవునన్నాను

గొంతు ఆపరేషన్ తర్వాత భార్యకు మాట పోయింది. పాతికేళ్లుగా ఆమె పాడగా రికార్డు చేసుకున్న పాటల్ని హాల్లో టీవీలో వినిపించాలని, అతను పాత కంప్యూటర్ ముందేసుకుని కూర్చున్నాడు. సాయానికి బావమరిది వచ్చాడు.

"పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్లు రెండున్నాయి బావా. రెండూ ఓపెన్ సోర్సే, పైసా కట్టక్కర్లేదు. ఒకదానికి హంగులెక్కువ. రెండోదైతే అక్క ఒక్క బటన్ నొక్కితే చాలు."

"రెండోదే పెట్టు. తనకి సులువుగా ఉండాలి."

"సరే. పాటలెక్కడున్నాయి?"

"ఇందులోనే. నీకు పని తగ్గుతుందని పొద్దున్నే పాత విండోస్ బదులు లినక్స్ కూడా ఎక్కించేశాను."

మౌస్ మీద బావమరిది చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కించేటప్పుడు, డిస్క్ మొత్తం చెరిపెయ్యమంటారా అని అడిగిందా?"

"ఏదో అడిగింది. అవునన్నాను."

"ఇంకెక్కడైనా కాపీ ఉందా?"

"లేదురా. ఏం, పోయాయా?"

బావమరిది, పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం నడిపించాడు. అది గంటన్నర వెతికింది. అంతసేపూ బావ తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఏమీ దొరకలేదు బావా."

"ఒక్క పాటైనా?"

"ఒక్కటీ లేదు."

"నిన్నటిదాకా ఉన్నాయిరా. నా చేత్తో నేనే..."

"అక్కకి నేను చెప్పనా?"

"వద్దు. నేనే చెప్పాలి."

ఇంతలో భార్య లోపల్నుంచి వచ్చి నోటుపుస్తకం అతని ముందు పెట్టింది. 'మొదట ఏ పాట పెడుతున్నారు?' అని రాసి ఉంది.

అతను ఆ పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఆమె చేతిలోని పెన్ను కోసం చెయ్యి చాపాడు.