ఆపే మాట ఎక్కడ రాయాలె

డోర్నకల్ స్టేషన్ బయట గట్టమ్మ చాయ్ హోటల్. ట్యాంకు పొర్లిందని, తండాలో కొత్తగా పంపు నడుపుతున్న మంగ్యాను నౌకరి నుంచి తీసేస్తానన్నాడు సర్పంచ్. పంపు ఎట్లా నడపాలో కాయితం రాసిచ్చింది గూడ్సు ఆఫీసు గుమస్తా వీరేశం. ఆయన వచ్చి ఒక్క మాట చెప్తే మంగ్యా నౌకరి నిలబడుతుంది. మంగ్యా వచ్చి పిలుస్తున్నా ఆయనేమో హోటల్ బెంచీ మీంచి లేవడం లేదు.

"నా రాతల తప్పా? పందొమ్మిదొందల ఎనభై నాలుగుల వ్యాగన్ల లెక్కలున్న చిల్లుల కార్డుల పెట్టె పట్టుకొని పట్నంల కంప్యూటర్ ఆఫీసుకు పోయిన. ఆడ అందరు పరేషాన్. మిషిను ఒక్కటే వ్యాగన్ నంబరు అచ్చేసుకుంట కూసున్నది, ఆగుతలేదు. మిషినుకు పని చెప్పే కార్డులు సూసిన. మొదట్ల 'నంబరు అచ్చెయ్యి', ఆఖరుకు 'మళ్ల మొదటికి పో'. ఎప్పుడు ఆపాల్నో నడుమ రెండొందల కార్డుల కింద యాడనో ఉన్నది!"

"ఆ కార్డుల మీది ఇంగ్లీషు నీకొస్తదా?" అన్నది గట్టమ్మ.

"ఇంగ్లీషెందుకక్కా? నాటేసేతందుకు పోతే ముందుగాల ఏమంటరు? 'ఆ ఒడ్డు దాక' అంటరు. అటెన్కనే నడుం వంచుతరు. గట్లనే 'మూడొందల వ్యాగన్ల దాక' అని మీదనే రాపిచ్చిన. చేసే పనులు జర లోపలికి జరిపి రాపిచ్చిన. కింద 'ఇగ చాలు'. సూడంగనే ఎవ్వనికైనా సమజైతది. ఆ తర్వాత ఏమైందో తెల్సా? మిషిను టక్కున ఆగింది! అప్పటికే కాయితం మెట్లు దిగి, పట్టాలెక్కి, కాజీపేట దాక వచ్చింది. ఇంజను పెట్టి ఎన్కకు చుట్టిండ్రు."

"ఇంజనా?"

"రెండు. పట్నం దిక్కు ఎత్తు గదా."

"అన్నా, సర్పంచ్ పదింటికే రమ్మన్నడు," అన్నాడు మంగ్యా.

"ఆగురా. నా రాత ఎంత సాఫుగ ఉన్నదంటే, సదువుకుంట సదువుకుంట మిషినుకు తెలుగొచ్చింది. 'వీరేశమన్నా, చాయ్ తాగిపో' అని అచ్చేసింది! అమెరికోళ్లు విమానమేసుకొని వచ్చి, 'ఇగ మా కంప్యూటర్ భాషలన్నిట్ల ఆపే మాట మీదనే పెడ్తం' అని నా కాళ్లు మొక్కిండ్రు. గసుంటోడు రాసిన కాయితంల తప్పుంటదా?"

మంగ్యా రుమాలులోంచి కాయితం తీసి బల్ల మీద పరిచాడు. ఇంకా తడిగానే ఉంది.

"తప్పు లేదన్నా. 'మోటరు పెట్టు, పావుగంటకోసారి ట్యాంకు నీళ్ల మీటరు ముల్లు సూడు, మళ్ల సూడు' అని ఇటు దిక్కు రాసినవ్. 'ముల్లు ఆరు దాటితే బంద్ చెయ్యి' అని ఎన్క దిక్కు రాసినవ్. గోడకు అంటబెట్టుమన్నది నువ్వేనాయె. ట్యాంకు పొర్లి, గోడ తడిసి, కాయితం ఊడిపడ్డంకనే గదా నాకు ఎన్క రాత కనపడ్డది!"

వీరేశం కాయితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. లేచి చెప్పులేసుకున్నాడు.