చుక్కకి ఎదురు చుక్క

వసారాలో స్టూలు మీద వంకరపోయిన కాలు చాపుకుని మొగుడు. కింద గోనెసంచి పరుచుకుని పాత బండి ముందు పెళ్ళాం. చేతులు ఆవిడవి, నోరు ఆయనది.

“బ్రేకు రాడ్డు నట్టు రెండు చుట్లు బిగించమంటే, చక్రమే ఊడదీశావేంటే?”

“సాయంత్రం మీ తమ్ముడు తీసుకుపోతాడుగా. పిల్లల్ని ఎక్కించుకునే బండి. కొత్త బ్రేకు షూలు తెచ్చాను, వేసేస్తాను.”

“లోపలున్నవి కొత్తవే. తెరవకు.”

“మళ్ళీ బ్రేకు పట్టకపోతే?”

“ఆడలేక మద్దెల ఓడు అందిట నీలాంటిదే. వెనకాల కూర్చుని మెల్లగా, మెల్లగా అని గొంతు చించుకున్నాను. విన్నావా? మలుపులో తీసుకెళ్ళి లారీ కింద పెట్టావు నా కాలు.”

“తొక్కాను. పట్టలేదు. ఆర్నెల్లుగా అదే చెప్తున్నాను.”

“ఇరవై రోజుల ముందే నా చేత్తో షూలు మార్చిచ్చాను. ఆ ఇరవై రోజులూ ఒక్కదానివే పనికెళ్ళొచ్చావు. అప్పుడు పట్టిన బ్రేకు నేనెక్కగానే పట్టనందా?”

“సరే, తప్పు నాదే. ఒప్పుకున్నాగా. ఉద్యోగం మానేశాను, బండీ మీ తమ్ముడికే ఇస్తున్నాం. ఇంకేం చెయ్యను?... అబ్బా!”

“వేలు నలిగిందా? నలగనీ. నా కాలికన్నా ఎక్కువేం కాదు. ఏయ్, ప్లేటు లాగొద్దన్నానా!”

“వచ్చేసింది.”

“మూసెయ్యి.”

“ఇదేంటండీ? షూల మీద లైనింగు గోరంతైనా లేదు. ఇనుమే డ్రమ్ముని గీరేసింది.”

“అదీ... నాసిరకం సరుకు. అరిగుంటుంది.”

“ఇరవై రోజుల్లోనా?”

“నీ తొక్కుడికి ఇరవై నిమిషాలు చాలు. మూసెయ్యమంటుంటే!”

“ఈ లివర్ చూడండి. దీని మీద చుక్కా, షూలని తెరిచే క్యామ్ ఇరుసు మీద చుక్కా ఎదురెదురుగా ఉండాలని మీరేగా నేర్పారు? ఒక పన్ను పక్కకున్నాయేం?”

“విప్పేటప్పుడు నువ్వే జరిపుంటావు.”

“దీని బోల్టు నేనింకా ముట్టుకోలేదు. మట్టి కూడా రాల్లేదు, చూడండి.”

“తమ్ముడొచ్చే వేళైంది, చక్రం ఎక్కించు.”

“షూలు అయిపోయాక లివర్ ఒక పన్ను తిప్పేస్తే, పెడలు పైకొచ్చి కొత్త బ్రేకులాగే కాలికి తగులుతుంది. ఈ పని చేశాడనేగా మీ మెకానిక్ షెడ్డులో పనివాణ్ణి మెడపట్టి గెంటేశారు?”

“షూలు దొరకలేదే. వారంలో వేద్దామనుకున్నా. బండి లేకపోతే నీ పనికి ఆలస్యమవుతుందని...”

“నా కోసమా?”

“నీ కోసమే, ఒట్టు. తమ్ముడితో అనకు. అమ్మతో అసలే అనకు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నువ్వే చేశావని చెప్పుకుంది ఆవిడ.”

“మీరు చెప్తేనేగా.”

“సరే, తప్పే. కానీ ఇలా అవుతుందని నాకు మాత్రం ఏం తెలుసు? పోనీ, కొత్తవి పెట్టు. క్యామ్‌కి రవ్వంత గ్రీజు రాయి. షూలకి అంటనివ్వకు, బంగారం.”

“తెలుసు. అంటితే పట్టదు.”

“స్ప్రింగులు రెండూ సరిగ్గా కూర్చున్నాయా?”

“కూర్చున్నాయి. చుక్కకి ఎదురు చుక్క. చక్రం ఎక్కించి రాడ్డూ బిగించాను. చూడండి, టక్కున ఆగింది.”

“భలే వేశావే! నేను కూడా ఇంత బాగా వెయ్యలేను. చేతులు కడుక్కుని నన్ను లోపలికి తీసుకెళ్ళు.”

“మీ తమ్ముడికి ఫోన్ చెయ్యండి. బండి ఇవ్వట్లేదని చెప్పండి. పిలిస్తే రేపే ఉద్యోగంలో చేరతాను.”

“అలాగే, అలాగే. హెల్మెట్ ఎందుకిప్పుడు? ఎక్కడికే?”

“తోలి చూడొద్దూ?”

“నన్నిక్కడే వదిలేసా? ఏమే! సరే... మెల్లగా వెళ్ళు.”

“ఇరవై రోజులు ఈ బ్రేకుతో నేనొక్కదాన్నే తిరిగాను. ఒక్కనాడూ ఆ మాట అనలేదు నువ్వు. వెనకెక్కిన రోజే అన్నావు.”